నలభై లీటర్ల ప్రకృతి

మీ ఇంట్లో ఫినాయిల్ సీసా ఉందా? ఉంటే మీరు చేస్తున్నది గృహహింస! నేల మీద హింస, నేల మీద పాకే చీమ మీద హింస, ఆ నేల మీదే చాప వేసుకుని పడుకునే మీ మామగారి మీద హింస. కాబట్టి చదవడం ఇక్కడే ఆపి, ఆ సీసా తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ గుమ్మంలో పెట్టి రండి. వాళ్ళ పాపం వాళ్ళు చూసుకుంటారు.

వచ్చారా? మంచిది.

ఇల్లు కడగడానికి ప్రకృతిని మించినది లేదని నేను ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. నిజానికి ఆరు నెలలుగానే మొత్తుకుంటున్నాను, కానీ మంచి మాటకు పెద్ద అంకె తోడుంటే బలం. ఈ ఆరు నెలల్లో మన పాలమూరు జిల్లాల్లో ఎన్ని అద్భుతాలు జరిగాయో మీకేం తెలుసు?

గద్వాలలో ఒకాయన కొత్త వాషింగ్ మెషీన్‌లో కుంకుడుకాయలు గింజలతో సహా పోసి స్విచ్ వేశాడు. బట్టలు తెల్లబడ్డాయో లేదో ఎవరూ చూడలేదు గానీ, ఆ చప్పుడుకు వీధిలోని కుక్కలన్నీ పేట దాటి పోయాయి. ఏ సబ్బు పొడి అయినా వీధికి ఇంత సేవ చేసిందా? నాగర్‌కర్నూల్‌లో ఒకావిడ తళతళలాడే కుళాయిలకు చింతపండు గుజ్జు పట్టించి మర్నాటిదాకా వదిలేసింది. పైపూత ఊడిపోయి లోపలి ఇత్తడి బయటపడింది. ఆమె ఏడ్చింది, పాపం. కుళాయి అయినా మనిషైనా అసలు రంగు బయటపడితే సంతోషించాలి గానీ ఏడుస్తారా!

ఇవన్నీ చిల్లర దేవుళ్ళు. అసలు దేవుడు వేరే ఉన్నాడు. ఆయన పేరు బయో ఎంజైమ్.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు నిమ్మ బత్తాయి తొక్కలు, పది పాళ్ళు నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెడతారు. వడగట్టి ఆ నీళ్ళతో నేల తుడిస్తే నేల మెరుస్తుందట, గిన్నెలు తోమితే గిన్నెలు మెరుస్తాయట, బాత్రూములో పోస్తే మురుగునీళ్ళు పుణ్యజలాలై పోతాయట. వినగానే మీకు చేయాలనిపిస్తోంది కదా? వనపర్తిలో మానస మేడానికి కూడా అలాగే అనిపించింది.

మానస మేడం భర్త చంద్రశేఖర్ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఊరి చివర కొత్త కాలనీలో మేడ కట్టుకున్నారు. ఆమెకు వాట్సాప్‌లో 'పచ్చని ఇల్లు' అని ఒక గ్రూపు ఉంది. దానికి అడ్మిన్ ఆమే, అధ్యక్షురాలు ఆమే, రోజుకు ఆరు పోస్టులు పెట్టేదీ ఆమే. ఇల్లు తుడిచేది మాత్రం ఆమె కాదు. ఆ పని మణెమ్మది.

మణెమ్మ సొంతూరు పెద్దమందడి దగ్గర ఒక పల్లె. పదిహేనేళ్ళు మొగుడితో కలిసి పుణేలో బిల్డింగులకు ఇటుకలు మోసింది. అతను అక్కడే మెట్ల మీద నుంచి పడి చనిపోయాక, కూతురు నవ్యను తీసుకుని వచ్చి కాలనీ వెనక ఉన్న రేకుల ఇళ్ళల్లో చేరింది. కూలి దొరకని ఒక ఏడాది గుడుంబా సారా కాసింది. ఈ మాట ఆమె దాచుకోదు. దాచుకుందామన్నా కుదరదు, ఎందుకంటే ఎక్సైజ్ వాళ్ళు పట్టుకుని, ఎమ్మార్వో ముందు నిలబెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఏడాదిలోపు మళ్ళీ పట్టుబడితే లక్ష రూపాయలు కట్టాలి, కట్టకపోతే జైలు. ఆమె దగ్గర ఉన్నవి రెండు మేకలు. ఆ మేకలు లక్షకు అమ్ముడుపోవాలంటే ఇంగ్లీషు మాట్లాడాలి.

ఆ కాగితం సంగతి తెలిశాక నాలుగిళ్ళవాళ్ళు పనిలోంచి తీసేశారు. మానస మేడం మాత్రం ఉంచుకుంది. అందుకు మణెమ్మకు ఆమె అంటే నిజంగానే గౌరవం. ఈ గౌరవమే కొంప ముంచింది.

మానస మేడం మొదటి ఎంజైమ్‌ను రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో కలిపి, మూత గట్టిగా బిగించి, ఫ్రిజ్ మీద పెట్టింది. పదకొండో రోజు అది పేలింది. బత్తాయి తొక్క ఒకటి సీలింగు ఫ్యానుకు అతుక్కుని, చంద్రశేఖర్ సారు అన్నం తినేటప్పుడు సరిగ్గా పప్పులో పడింది. రెండో సీసాను భద్రంగా ఏసీ గదిలో దాచింది. అది నెల దాటినా ఉలకలేదు, పలకలేదు.

మణెమ్మ ఇదంతా చూస్తూ నోరు కట్టేసుకుని తుడుచుకుపోయింది. కానీ చేతికి వచ్చిన విద్య కళ్ళ ముందు పాడైపోతుంటే ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? ఒక రోజు చీపురు పక్కన పెట్టి అనేసింది.

"గంత చల్లగ పెడితే యాడ పులుస్తదమ్మా? వెచ్చగ ఉండాలె. సీసాల కాదు, డ్రమ్ముల పెట్టు. మూత బిగియ్యకు, బట్ట కట్టి గోనెసంచి కప్పు. పొద్దుమాపు కట్టెతోని కలపాలె."

మానస మేడం కళ్ళు పెద్దవయ్యాయి.

"నీకెట్ల తెలుసు మణెమ్మక్కా?"

మణెమ్మ తల వంచుకుంది. "తెలుసమ్మా, గంతే."

ఆ సాయంత్రమే గ్రూపులో పోస్టు పడింది. మన పల్లె మహిళల దగ్గర తరతరాల విజ్ఞానం దాగి ఉందని, దాన్ని మనమే గుర్తించడం లేదని! నేను ఆ మాటతో ఏకీభవించను. గుర్తించడం లేదనడం అన్యాయం. ప్రభుత్వం గుర్తించబట్టే కదా లక్ష రూపాయల కాగితం రాయించుకుంది!

ఇక బెల్లం కావాలి. యూట్యూబ్‌లో చెప్పినావిడ మంచి బెల్లం వద్దంది, నల్లబెల్లమే శ్రేష్ఠమంది. ఆవిడది ఏ ఊరో నాకు తెలియదు గానీ మన ఊరు మాత్రం కాదు. సారా కాసేది నల్లబెల్లంతోనే కాబట్టి, మన ఊళ్ళో అది అడిగితే ఏమవుతుందో పలకా బలపం పట్టిన పిల్లలకు కూడా తెలుసు.

మానస మేడం మణెమ్మను వెంటబెట్టుకుని గంజ్‌లో కిరాణా దుకాణానికి వెళ్ళింది. మణెమ్మ రానంటే రానంది. "సంచి మొయ్యనీకి మనిషి ఉండాలె గదా" అంటే కాదనలేక వెనకే నడిచింది.

"సేటు, నాలుగు కిలోల నల్లబెల్లం ఇయ్యి. తెల్లది వద్దు" అంది మేడం, దుకాణమంతా వినపడేలా.

సేటు షట్టర్ సగం దించాడు. "మెల్లగ మేడం, మెల్లగ! ఏంటికి?"

"ఇల్లు తుడవనీకి."

సేటు తన వ్యాపారంలో నల్లబెల్లానికి చాలా కారణాలు విన్నాడు. ఎడ్లకన్నారు, పెళ్ళి పానకానికన్నారు, జాతర ప్రసాదానికన్నారు. ఇల్లు తుడవడానికని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ ధైర్యానికి ఆశ్చర్యపోతూ ఉండగా, మేడం వెనక సంచి పట్టుకున్న మణెమ్మ కనిపించింది. ఆయన ముఖం వికసించింది.

"ఓహో! పెట్టుబడి మీది, పని ఈమెదా?"

"కరెక్ట్ చెప్పినవ్ సేటు! అంతే!" అంది మానస మేడం గర్వంగా.

 మణెమ్మకు మేడం కొంగు పట్టుకుని గుంజాలనిపించింది గానీ, పనిమనిషి మేడం కొంగు పట్టుకోకూడదు కదా. సంచి నెత్తిన పెట్టుకుని దించిన తల ఎత్తకుండా నడిచింది.

మేడ మెట్ల కిందికి నీలం రంగు డ్రమ్ము వచ్చింది. నలభై లీటర్ల నీళ్ళు, నాలుగు కిలోల బెల్లం, బస్టాండు దగ్గర జ్యూస్ బండి నుంచి తెచ్చిన పన్నెండు కిలోల తొక్కలు. మణెమ్మ కలిపింది. నవ్య ఫోనుతో వీడియో తీసింది. వీడియోలో మానస మేడం నవ్వుతూ మాట్లాడింది.

"ఫ్రెండ్స్, ఇది పూర్తిగా నేను, నా చేతులతో, నా ఓపికతో తయారుచేసింది. ఈ డ్రమ్ము నా బిడ్డ లాంటిది!"

ఆ వెనక కట్టెతో కలియబెడుతున్న రెండు చేతులు, వాటికి ఆకుపచ్చ మట్టిగాజులు కనిపిస్తాయి. ముఖం కనిపించదు. ఫ్రేములో పట్టలేదట.

మణెమ్మ చేయి పడ్డాక డ్రమ్ము ఊరుకుంటుందా? ఐదో రోజుకే బుసలు కొట్టింది. పదో రోజుకు వాసన మేడ మీదకెక్కింది. పన్నెండో రోజున ఎదురింటి రిటైర్డ్ ఆఫీసరు గేటు దగ్గర నిలబడి గాలి పీల్చి, చంద్రశేఖర్ సారును పక్కకు పిలిచి, "నాక్కూడా చెప్పకపోతిరి" అన్నాడు. సారు లోపలికి వచ్చి ఇంట్లో తానైనా ఉండాలి, డ్రమ్మైనా ఉండాలన్నాడు. మానస మేడం కాసేపు ఆలోచించింది.

తర్వాత మణెమ్మను పిలిచింది. "మణెమ్మక్కా, మీ ఇంటెనక జాగా ఉంది గదా?"

పాఠకులారా, ఒక రహస్యం చెబుతాను. మణెమ్మ అన్నప్పుడు నెలజీతం పని. మణెమ్మక్కా అన్నప్పుడు జీతం లేని పని.

"వద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుత. నా మీద కాయితం ఉంది. మూడు నెలలు ఆగితె గడువైపోతది."

"గది సారా కోసం. ఇది ఎంజైమ్! దీని దిక్కు ఎవరు చూస్తరు? చూస్తె నేను లేనా?"

మణెమ్మ లోపల లెక్క వేసుకుంది. ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు లేదు. నవ్య ఇంటర్ రెండో ఏడు. 'నేను లేనా' అన్న మాటను మూటగట్టుకుని, తమ రేకుల ఇళ్ళ దగ్గరి భీమన్న ఆటోలో డ్రమ్ము ఎక్కించింది. భీమన్న దారి పొడుగునా ముక్కు ఎగబీల్చుకుంటూ, "అత్తా, మంచిగ కుదిరినట్టుంది. ఎప్పుడు దించుతవ్?" అని అడిగాడు. ఇల్లు తుడిచే నీళ్ళురా అంటే, "అట్లనే చెప్పాలె, అట్లనే చెప్పాలె" అని మెచ్చుకున్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నిజమైన నాచురల్ ఇల్లు చూడాలంటే మణెమ్మ ఇంటికే వెళ్ళాలి. నేల మట్టితో, పేడతో అలికింది. గిన్నెలు బూడిదతో తోముతుంది. ఈగలు ముసిరితే వేపాకు పొగ వేస్తుంది. ఒక్క కెమికల్ లేదు! అయినా ఆ ఇంటిని ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ లైక్ కొట్టలేదు. ఎందుకంటే ఆమె అవి నమ్మి చేయడం లేదు, గతిలేక చేస్తోంది. ప్రకృతి సేవకు ముందు ఫినాయిల్ కొనే స్తోమత ఉండాలి, ఆ తర్వాత దాన్ని వదులుకోవాలి. ఉత్తపుణ్యానికి పేదగా ఉండి ప్రకృతిని కాపాడతామంటే ఎట్లా?

నెలన్నర గడిచింది. ఒక పొద్దున ఎక్సైజ్ జీపు వచ్చింది. ఎవరు చెప్పారో మణెమ్మకు తెలియదు. నాకు మాత్రం గంజ్‌లో సగం దించిన ఆ షట్టర్ మీద అనుమానం.

ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు నేరుగా ఇంటి వెనక్కు వెళ్ళి గోనెసంచి లాగారు. ఒక కానిస్టేబులు వేలు ముంచి వాసన చూసి తల పంకించాడు.

"ఏందిది?" అన్నాడు ఎస్సై.

"ఇల్లు తుడిసే నీళ్ళు సార్."

ముగ్గురూ పగలబడి నవ్వారు. చుట్టూ చేరిన జనంలో కూడా కొందరు నవ్వారు.

"ఇల్లు తుడిసేది? నీది మట్టి నేల. నలభై లీటర్లు పోసి తుడిస్తె నాటు వెయ్యాలె దాంట్ల! ఎవరికి చెప్తున్నవ్? కాయితం మీద ఏలుముద్ర ఏసి ఏడాది కాలె, మళ్ళ మొదలుపెట్టినవ్?"

"నాది కాదు సార్. మా మేడంది. నా బిడ్డ మీద ఒట్టు."

"మేడందట! ఏ మేడం నీ ఇంట్ల సారా ఊట పెడతదే?"

అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. కానిస్టేబులు పంచనామా కాగితాలు తీశాడు. బెల్లం ఊట, నలభై లీటర్లు, నీలం డ్రమ్ము ఒకటి.  లక్ష రూపాయలు అనే మాట ఒక్కటే మణెమ్మ చెవుల్లో మోగుతోంది. కాసి పట్టుబడ్డ రోజున ఆమెకు భయమే వేసింది. ఈసారి భయం కన్నా ఎక్కువగా కడుపు మండింది. ఆ రోజు కనీసం తప్పు తనదే.

నవ్య మేడానికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. రెండోసారి చంద్రశేఖర్ సారు ఎత్తి, సంగతంతా విని, గొంతు తగ్గించి, "మేడం పూజల ఉన్నదమ్మా. పంచనామాల మా పేరు మాత్రం చెప్పకుండ్రి. గవర్నమెంట్ నౌకరి, పరేషాన్ అయితది" అని పెట్టేశాడు. మూడోసారి ఫోన్ స్విచాఫ్. మేడం ఆ పూజ ఎంత శ్రద్ధగా చేసిందో చూడండి!

తల్లి వేలికి కానిస్టేబులు సిరా పూస్తుంటే నవ్య ఉండబట్టలేకపోయింది. ఫోన్ తీసి ఎస్సై ముఖం ముందు పెట్టింది.

"ఫ్రెండ్స్, ఇది పూర్తిగా నేను, నా చేతులతో, నా ఓపికతో..."

ఎస్సై కళ్ళు చిట్లించి చూశాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. ఆ ముఖం ఆయనకు తెలుసు. ఇంట్లో భార్య పొద్దున లేస్తే చూసేది ఆ ముఖాన్నే. 'పచ్చని ఇల్లు' గ్రూపులో ఆవిడ కూడా ఉంది. ఆ డ్రమ్ములోంచి రెండు లీటర్లు ముందే చెప్పి పెట్టుకుంది కూడా!

ఎస్సై నిటారుగా నిలబడ్డాడు. కానిస్టేబులు చేతిలోని కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మానస మేడం డ్రమ్మా ఇది? మరి ముందే చెప్పొద్దా?"

"చెప్పిన గద సార్, ఇల్లు తుడిసే నీళ్ళని."

"నీళ్ళని చెప్పినవ్. ఎవరి నీళ్ళో పేరు చెప్పలేదు గదా!"

చూశారా ప్రకృతి మహిమ! ఫినాయిల్‌కు ఇంత తెలివి ఎక్కడిది? అది ఎవరి ఇంట్లో పెట్టినా ఫినాయిలే, కలెక్టరు ఇంట్లో అయినా, కూలి ఇంట్లో అయినా. ఎంజైమ్ అలా కాదు. గడప చూసి గుణం మార్చుకుంటుంది. రేకుల ఇంటి వెనక ఊట, మేడ మెట్ల కింద ఎంజైమ్. మధ్యలో ఒక్క చుక్క కూడా మారలేదు!

ఎస్సై స్వయంగా సారుకు ఫోన్ చేసి, కేసు ఏమీ లేదని చెప్పాడు. ఆ మాటతో పూజ వెంటనే ముగిసింది. మానస మేడం స్కూటీ మీద వచ్చి, సూక్ష్మజీవుల గురించి పావుగంట వివరించింది. ఎస్సై చేతులు కట్టుకుని విన్నాడు. ఆ తర్వాత ఇద్దరు కానిస్టేబుళ్ళు డ్రమ్మును జాగ్రత్తగా, ఒక్క చుక్క ఒలక్కుండా జీపులో ఎక్కించారు. బెల్లం ఊటను పట్టుకుని పారబోసే జీపు, దాన్ని మేడం ఇంటికి చేర్చి రావడం మన జిల్లా చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను. గ్రూపులో ఆ ఫోటోకు మూడు వందల లైకులు వచ్చాయి.

మణెమ్మ వేలికి అంటిన సిరా మాత్రం అక్కడే ఉండిపోయింది. బూడిదతో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది. పోలేదు.

రెండు రోజులు పనికి పోలేదు. మూడో రోజు పోక తప్పలేదు. మేడం ఏమీ జరగనట్టే టీ ఇచ్చింది. కుర్చీ చూపించింది కూడా, ఇంతకుముందెన్నడూ చూపించలేదు. మణెమ్మ మెట్టు మీదే కూర్చుని తాగింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదమ్మా అని అడుగుదామనుకుంది. అడిగితే మేడం అబద్ధం చెప్పాల్సి వస్తుంది, ఆ అబద్ధానికి తాను తల ఊపాల్సి వస్తుంది. అందుకని గ్లాసు కడిగి పెట్టేసింది.

డ్రమ్ము మెట్ల కింద బుసలు కొడుతూనే ఉంది. చంద్రశేఖర్ సారు మళ్ళీ ముక్కుకు రుమాలు కట్టుకుని తిరుగుతున్నాడు. మానస మేడం ఆయన వంక చూసింది, డ్రమ్ము వంక చూసింది, చివరికి మణెమ్మ వంక చూసింది.

"మణెమ్మక్కా, ఇంకో నెలనే ఉంది. మీ ఇంటెనకనే పెట్టుకో జర. ఈసారి పరేషాన్ ఉండదు. డ్రమ్ము మీద పెద్ద అక్షరాలతోని నా పేరు రాయిస్త. ఎవరొచ్చినా చదువుకుంటరు."

మణెమ్మ తుడిచే గుడ్డ పిండుతూ నెమ్మదిగా అంది.

"నీ పేరున్న డ్రమ్ము నా ఇంట్ల ఎందుకమ్మా? ఈసారి దొంగతనం కేసు పెట్టనీకా?"

మానస మేడం ఫోన్ తీసి గ్రూపు చూసుకుంది. పొద్దుటి నుంచి మీతో ఇంత వాదించిన నేనూ ఇక్కడితో ఆపుతున్నాను. ఆ ప్రశ్నకు మీకేమైనా జవాబు తోస్తే నాకు రాయకండి, వెళ్ళి మణెమ్మకే చెప్పండి.